ఇంటి భాష బడిలోకి వచ్చినప్పుడు

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈ నెల విజయవాడ, గుంటూరు నగరాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం దాదాపు ఒకటే. తెలుగు, ఉర్దూ, లంబాడీ, ఒడియా, భోజ్‌పురీ మాట్లాడే ఇళ్ల పిల్లలు ఇప్పుడు పక్కపక్క బెంచీల మీద కూర్చుంటున్నారు. వారందరికీ ఒకే పాఠం ఎలా చెప్పాలా అని ఉపాధ్యాయులు, ఆ గదిలో తమ బిడ్డ ఎలా నెగ్గుకొస్తుందా అని తల్లిదండ్రులు బెంగపడుతున్నారు. పేర్లు, బడుల వివరాలు తొలగించి కొన్ని ఉత్తరాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: ఆటోనగర్ సమీపంలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతికి పాఠాలు చెబుతున్నాను. లారీలకు బాడీలు కట్టే షెడ్లలో పనికి బీహార్, ఒడిశాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు మా తరగతిలో తొమ్మిది మంది ఉన్నారు. ఆటల సమయంలో గలగలా మాట్లాడే ఈ పిల్లలు పాఠం మొదలుకాగానే నోరు విప్పరు. నాకు హిందీ అంతంతమాత్రమే, ఒడియా అసలు రాదు. “ఏడాదికో రెండేళ్లకో వెళ్లిపోయేవాళ్లే కదా, వాళ్ల కోసం మిగతా తరగతిని ఆపకండి” అని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. నేనేం చేయాలి?
– ఒక ఉపాధ్యాయిని, విజయవాడ

సమాధానం: ముందు మీ తోటి ఉపాధ్యాయుల మాట సంగతి చూద్దాం. ఆ పిల్లలు ఏడాది తర్వాత ఎక్కడ ఉంటారో వారి తల్లిదండ్రులకే తెలియకపోవచ్చు, కానీ ఏ బిడ్డకైనా మూడో తరగతి ఒక్కసారే వస్తుంది. ఆ ఏడాది మీ గదిలో గడుస్తున్నప్పుడు దానికి బాధ్యత మీదీ, మీ బడిదీ. ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసున్న ప్రతి బిడ్డకూ చదువును హక్కుగా ఇచ్చింది, ఆ బిడ్డ ఏ రాష్ట్రం నుంచి వచ్చిందని ఎక్కడా అడగలేదు. వీలైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో సాగాలని అదే చట్టంలోని 29వ సెక్షన్ చెబుతోంది. తొమ్మిది మంది కోసం మీ బడిలో ఒడియా, హిందీ మాధ్యమాలు తెరవడం కుదరని పని కాబట్టి, “వీలైనంత” అన్న ఆ మాటను మీ గదిలో ఎంత దూరం తీసుకువెళ్లగలమన్నదే అసలు ప్రశ్న. నా అనుభవంలో అది మనం అనుకునేదానికంటే చాలా దూరమే వెళుతుంది.

మొట్టమొదట ఆ పిల్లల మౌనం దేనివల్లనో తేల్చుకోండి. ఒక చిన్న పరీక్ష చాలు. పలక మీద 47, దాని కింద 25 వేసి కూడమనండి. మరుసటి రోజు అదే లెక్కను మాటల్లో ఇవ్వండి: “ఒక బుట్టలో 47 నిమ్మకాయలు, ఇంకో బుట్టలో 25 నిమ్మకాయలు ఉన్నాయి. మొత్తం ఎన్ని?” మొదటిది చేసి రెండోది వదిలేసిన బిడ్డకు లెక్కలు వచ్చు, ఆమె దగ్గర లేనిది మన లెక్కల పుస్తకంలోని తెలుగు. ఆ తెలుగు పెద్ద సముద్రమేమీ కాదు. మొత్తం, మిగిలినవి, ఇంకా ఎన్ని, తలా ఎన్ని, ఎన్ని రెట్లు, సగం, తక్కువ, ఎక్కువ వంటి మాటలను గింజలతో, పుల్లలతో చేసి చూపిస్తూ నేర్పితే లెక్కల పాఠం ఆ పిల్లలకు చాలావరకు తెరుచుకుంటుంది. ఈ తేడా చూడకుండా “వెనుకబడిన పిల్లలు” అని జాబితాలో రాయడం మన బడుల్లో జరుగుతున్న పెద్ద అన్యాయమని నా అభిప్రాయం.

అంకెల దగ్గరే ఇంకొక మంచి పాఠం ఉంది. తెలుగులో ఇరవై తొమ్మిది అంటే ఇరవై మీద తొమ్మిది. హిందీలో అదే సంఖ్యను ఉనతీస్ అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ముప్పై తొమ్మిది ఉనతాలీస్, నలభై తొమ్మిది ఉనచాస్. ఒడియాలోనూ ఇరవై తొమ్మిదిని ముప్పైకి ఒకటి తక్కువగానే చెబుతారు. ఒక రోజు బోర్డు మీద ఈ మూడు భాషల సంఖ్యలనూ తెలుగు లిపిలో పక్కపక్కన రాసి, పిల్లల చేతే పలికించి, తేడా ఏమిటో కనిపెట్టమనండి. తెలుగు పిల్లలకు కూడిక, తీసివేతల సంబంధం కొత్తగా తెలుస్తుంది. ఆ తొమ్మిది మందికి తమ ఇంటి లెక్క బడి బోర్డెక్కడం కనిపిస్తుంది. మీకు ఒడియా రాకపోవడం ఇక్కడ అడ్డం కాదు, ఎలా పలకాలో వాళ్లే మీకు నేర్పుతారు. టీచరు తమ దగ్గర ఏదో నేర్చుకుంటున్నదని తెలిసిన పిల్లలు నోరు విప్పడానికి ఎక్కువ రోజులు పట్టదు.

చదివేటప్పుడు చేసే పొరపాట్లలో కొన్నింటికి కారణం కూడా ఇంటి భాషే. హిందీలో మన ఎ, ఒ వంటి హ్రస్వాలకు వేరే అక్షరాలు లేవు, అందువల్ల బీహార్ నుంచి వచ్చిన పిల్లవాడికి ఎలుకకూ ఏలకులకూ మొదటి అక్షరంలో తేడా వెంటనే చెవికి అందదు. ఒడియాలో “అ” శబ్దం మనకు “ఒ”లా వినిపిస్తుంది కాబట్టి, ఒడియా బిడ్డ “కల” అన్న మాటను “కొలొ” అని చదివితే గుణింతం రాదని గద్దించకండి. ఆ బిడ్డ గుండ్రని అక్షరాలను రాసే తీరు చూడండి, ఒడియా లిపి కూడా మన లిపిలాగే గుండ్రంగా ఉంటుంది కాబట్టి చేతిరాత తొందరగా కుదురుకుంటుంది. ఆ సంగతి పైకే చెప్పి మెచ్చుకోండి. ఇంకొక విషయం, షెడ్లలో పెద్దల మాటలు విని తెలుగు నేర్చిన పిల్లలు మిమ్మల్ని “నువ్వు” అంటే అది పొగరు కాదు, వారి చెవిన పడిన తెలుగు అదొక్కటే. “మీరు” అనడాన్ని మీరే వారితో మాట్లాడుతూ అలవాటు చేయండి.

మీ తరగతిలో ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు ఉండే ఉంటారు. బీహార్ పిల్లలకూ మీకూ మధ్య వారధి వాళ్లే. అయితే ఒక జాగ్రత్త పాటించాలి. ఒకే పిల్లను రోజంతా దుబాసీగా నిలబెడితే ఆమె చదువు కుంటుపడుతుంది. కొత్త పాఠం మొదట్లో కొద్దిసేపు, అదీ వంతులవారీగా ఆ సాయం తీసుకోండి. ప్రశ్న అడిగిన తర్వాత ముందు తమ భాషలో తమలో తాము మాట్లాడుకోనిచ్చి, ఆ తర్వాత వచ్చీరాని తెలుగులో చెప్పమనండి. తప్పును అక్కడికక్కడ ఆపి దిద్దకుండా, అదే వాక్యాన్ని సరిగ్గా మీరు ఒకసారి పలకండి చాలు. మన రాష్ట్రంలోని పాఠ్యపుస్తకాలు ఇప్పటికే ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగుతో రెండు భాషల్లో అచ్చవుతున్నాయి. రెండు భాషలు పక్కపక్కన ఉంటే పిల్లలు గందరగోళపడరని ఒప్పుకున్నాక, మూడో భాషకు గోడ మీద ఒక చార్టు ఇవ్వడానికి అభ్యంతరం ఉండకూడదు. కేంద్ర ప్రభుత్వపు దీక్షా యాప్‌లో ఇతర రాష్ట్రాల పాఠ్యపుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. ఒడియా కథల పుస్తకం ఒకటి ఫోన్లో తెరిచి ఆ బిడ్డ చేత తరగతికి చదివించండి.

ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి, బంజారా వంటి ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతుల బోధన మొదలైంది. ఇంటి భాషలో మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకి తీసుకురావడం దాని పద్ధతి. మీకు విడిగా పుస్తకాలు లేకపోయినా ఆ క్రమాన్ని పాటించవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరులో ఐదో తరగతి చదువుతున్నాడు. తరగతిలో ఇతర రాష్ట్రాల పిల్లలు పెరిగిపోవడంతో పాఠాలు నెమ్మదిస్తాయని, మావాడి తెలుగు కూడా పాడవుతుందని మా ఇంట్లో భయపడుతున్నారు. బడి మార్చమంటారా?
– ఒక తండ్రి, గుంటూరు

సమాధానం: ఆ కారణంతో మార్చవద్దు. మీ భయాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు, టీచరు మీద భారం పెరిగిన మాట నిజమే. పిల్లల సంఖ్యకు తగినంతమంది ఉపాధ్యాయులు ఉన్నారా, చదవడం రాని పిల్లలకు విడిగా సమయం కేటాయిస్తున్నారా అని బడిని అడగండి. తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో ఆ ప్రశ్న వేసే హక్కు మీకు ఉంది. దానికి సరైన జవాబు రాకపోతే అది బడి లోపం, పక్క బెంచీ పిల్లవాడి లోపం కాదు.

తెలుగు పాడవుతుందన్న భయం మాత్రం అనవసరం. పదేళ్ల పిల్లవాడికి తన భాష స్థిరపడిపోయి ఉంటుంది. తెలుగు రాని స్నేహితుడికి ఒక ఆట నియమాలు వివరించాల్సి వచ్చినప్పుడు మాటలు ఏరి, వాక్యాలు తేటగా పేర్చి చెప్పడం వాడికి అలవడుతుంది. ఆ సాధన ఏ ట్యూషన్‌లోనూ దొరకదు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే చేతులు, శీతల గిడ్డంగుల్లో పనిచేసే చేతులు, అమరావతిలో భవనాలు కట్టే చేతులు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో మీకు తెలుసు. ఆ చేతుల కష్టం మనకు కావలసి వచ్చినప్పుడు ఆ ఇళ్ల పిల్లలకు మన బడిలో చోటు ఉండితీరాలి.

కృష్ణ ఒడ్డున చదువు కోసం పరాయి భాషల వారు చేరడం ఈనాటి సంగతి కూడా కాదు. క్రీస్తు శకం మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల విజయపురిలో, అంటే నాగార్జునకొండ లోయలో, సింహళ భిక్షువుల కోసం ప్రత్యేకంగా ఒక విహారం ఉండేది. అక్కడి శాసనం ఒకటి కాశ్మీరం, గాంధారం, చీనా మొదలుకొని ఎన్నో దేశాల పేర్లు చెబుతుంది. నిన్నమొన్నటి దాకా ఆ నేల మన గుంటూరు జిల్లాలోదే.

ప్రశ్న: మేము లంబాడీలం. పల్నాడు నుంచి వచ్చి గుంటూరులో స్థిరపడ్డాం. మా అమ్మాయి ఒక ప్రైవేటు పాఠశాలలో ఏడో తరగతి చదువుతోంది. ప్రతి ఏడూ వార్షికోత్సవంలో “భిన్నత్వంలో ఏకత్వం” అనే కార్యక్రమానికి తనను లంబాడీ దుస్తులు వేసుకొచ్చి నాట్యం చేయమంటారు. ఈసారి తాను చేయనని ఏడ్చింది. మిగతా రోజుల్లో తోటి పిల్లలు కులం పేరుతో పిలుస్తారని అప్పుడు బయటపెట్టింది. మన సంస్కృతిని గౌరవిస్తున్నప్పుడు కాదనడం తప్పేమో అని నా భర్త అంటున్నారు.
– ఒక తల్లి, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ పాప ఏడ్చిందంటే దానికి తగిన కారణం ఉంది. ఏడాదిలో మిగతా రోజులంతా తన పేరుకు బదులు కులం పేరు వినిపించే చోట, ఒక్క సాయంత్రం అద్దాల కుట్టు ఉన్న ఫేటియా, కాంచళి వేసుకుని వేదికెక్కి చప్పట్లు అందుకోవడం గౌరవంలా ఎలా అనిపిస్తుంది? ఆ దుస్తులు మీ అమ్మ, అమ్మమ్మ నెలల తరబడి కూర్చుని కుట్టుకున్న పనితనం. వాటిని వేసుకోవాలో వద్దో, ఎప్పుడు వేసుకోవాలో నిర్ణయించుకోవలసింది మీ పాప. చేయనన్న మాటను బడి గౌరవించాలి, మీరు ఆమె వైపు నిలబడాలి. వారు ఎంత మంచి ఉద్దేశంతో అడిగినా బలవంతం బలవంతమే.

ముందుగా కులం పేరుతో పిలవడం గురించి ప్రధానోపాధ్యాయులకు రాతపూర్వకంగా తెలియజేయండి. తరగతి పేరు, జరిగిన సంగతి, ఎప్పటి నుంచి జరుగుతోంది అన్నవి రాసి ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాక మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. తోటి పిల్లలు వేధిస్తున్నా చూసీచూడనట్టు ఊరుకునే బడి తన బాధ్యత తప్పినట్టే. ఆ పిల్లలను శిక్షించమని మాత్రం అడగవద్దు. వాళ్లూ పన్నెండేళ్ల పిల్లలే, ఇంట్లోనో వీధిలోనో విన్న మాట అంటున్నారు. తరగతి ఉపాధ్యాయుడు వాళ్లను కూర్చోబెట్టి, ఆ మాట ఎందుకు గాయపరుస్తుందో ఒక పీరియడంతా మాట్లాడాలని అడగండి.

ఉపాధ్యాయులు ఈ జవాబు చదువుతుంటే వారికీ ఒక మాట. లంబాడీల గురించి చెప్పడానికి మీకు వార్షికోత్సవ వేదిక అక్కరలేదు, చరిత్ర పాఠం ఉంది. రైళ్లూ లారీలూ లేని కాలంలో వేల ఎడ్ల మీద ఉప్పునూ ధాన్యాన్నీ దేశమంతా మోసినవారు బంజారాలు. అల్లావుద్దీన్ ఖిల్జీ కాలంలో ఢిల్లీ అంగళ్లకు ధాన్యం చేర్చింది వాళ్ల ఎడ్ల బిడారులే. మధ్యయుగాల వర్తకం గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి చెప్పి, ఆ రవాణా బ్రిటిష్ వారి కాలంలో ఎలా దెబ్బతిన్నదో వివరిస్తే, తరగతిలోని లంబాడీ బిడ్డ ఏ నాట్యమూ చేయకుండానే తల ఎత్తుకుని కూర్చుంటుంది. అలాగే పంటల పాఠంలో, వినాయక చవితి మర్నాడు పశ్చిమ ఒడిశాలో కొత్త బియ్యంతో చేసుకునే నువాఖాయ్ గురించి, శ్రావణంలో లంబాడీ ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే తీజ్ గురించి, మన సంక్రాంతి గురించి కలిపి చెప్పవచ్చు. ఒక ప్రాంతంలో కొత్త పంట భాద్రపదంలో, మరొక చోట పుష్యంలో ఇంటికి ఎందుకు వస్తుందన్న ప్రశ్నతో వానలు, నేలలు, వరి రకాలు అన్నీ పాఠంలోకి వస్తాయి.

ప్రశ్న: మేము శాకాహారులం. మా పాప పక్కన కూర్చునే అమ్మాయి డబ్బాలో గుడ్డు, చేపల కూర తెస్తుంది. వేరే చోట కూర్చోబెట్టమంటే టీచరు ఒప్పుకోలేదు. మా ఆచారాన్ని గౌరవించడం కూడా వైవిధ్యాన్ని గౌరవించడమే కదా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అవును, మీ ఆచారాన్ని గౌరవించాలి. మీ పాప డబ్బాలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు, తినమని ఎవరూ బలవంతం చేయకూడదు, ఆమె చేతికి ఇచ్చే గరిటె వేరేదై ఉండాలని మీరు కోరితే అదీ న్యాయమే. కానీ పక్క బిడ్డ తన ఇంటి అన్నం తింటున్నందుకు ఆమెను లేపి వేరేచోట కూర్చోబెట్టమనడం వేరే సంగతి. భోజనాల దగ్గర మనుషులను విడిగా కూర్చోబెట్టడం వెనుక మన సమాజంలో ఎంత చరిత్ర ఉందో మీకు తెలియనిది కాదు. ఆ బిడ్డకు అది “నీ ఇల్లు తక్కువది” అన్న మాటగానే వినబడుతుంది. టీచరు సరైన నిర్ణయమే తీసుకున్నారు.

వాసన నిజంగా ఇబ్బందిగా ఉంటే, పిల్లలంతా గది విడిచి వరండాలోనో చెట్టు కిందో పెద్ద వలయంగా కూర్చుని తినే ఏర్పాటు చేయమని కోరండి. అప్పుడు ఎవరినీ వేరు చేసినట్టు ఉండదు. మీ పాపకు ఇంట్లో, “మనం తినం, వాళ్లు తింటారు, ఇద్దరికీ అన్నమే ఆధారం” అని చెప్పండి. ఛీ, అసహ్యం వంటి మాటలు ఆమె ముందు రాకుండా చూసుకోండి, ఎందుకంటే అవే మాటలు మర్నాడు ఆ బెంచీ దగ్గర వినిపిస్తాయి. ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో కులమతాలు అడగకుండా ఆకలితో వచ్చిన ప్రతివారికీ వండి వడ్డించిన ఇల్లాలు ఆవిడ. మీ పాపకు ఆవిడ కథ చెప్పండి, మీ ఆచారాన్ని తక్కువ చేయకుండానే ఈ విషయం బోధపడుతుంది.

ప్రశ్న: ఇటుక బట్టీల్లో పనికి వచ్చిన కుటుంబం తమ బిడ్డను బడిలో చేర్పించమని వచ్చింది. పుట్టిన తేదీ పత్రమూ లేదు, టీసీ కూడా లేదు. ఏడాది మధ్యలో చేర్చుకోవచ్చా?
– ఒక ప్రధానోపాధ్యాయుడు, గుంటూరు జిల్లా

సమాధానం: చేర్చుకోవచ్చు, చేర్చుకోవాలి. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతోనూ, టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతోనూ ప్రవేశం నిరాకరించకూడదని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. గడువు దాటిందన్న కారణమూ చెల్లదు. బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, మిగతావారితో సమానంగా వచ్చేందుకు ప్రత్యేక శిక్షణ ఇప్పించాలి. బట్టీల పని సాధారణంగా వేసవి చివరికి ముగుస్తుంది కాబట్టి, కుటుంబం తిరిగి వెళ్లే ముందే ఏ పాఠాల దాకా వచ్చిందో ఒక కాగితం మీద రాసి, టీసీతో కలిపి చేతికి ఇవ్వండి. సొంతూళ్లో మళ్లీ మొదటి తరగతిలో కూర్చోబెట్టకుండా ఆ కాగితం అక్కరకు వస్తుంది.

ప్రశ్న: నేను ఒక గుర్తింపు పొందిన ప్రైవేటు ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. దసరాకు సరస్వతీ పూజలో పిల్లలంతా పాల్గొనాలని యాజమాన్యం చెప్పింది. కొందరు క్రైస్తవ, ముస్లిం పిల్లలు ఇబ్బంది పడుతున్నారు. వాళ్లకు ఏమని చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయుడు, విజయవాడ

సమాధానం: ఆ పిల్లలకు కాదు, యాజమాన్యానికి చెప్పాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో జరిగే ఆరాధనలో పాల్గొనమని ఎవరినీ నిర్బంధించకూడదని, మైనర్ల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని రాజ్యాంగం 28వ అధికరణంలో స్పష్టంగా ఉంది. ఇది క్రైస్తవ సంస్థల బడుల్లోని హిందూ పిల్లలకూ, ముస్లిం సంస్థల బడుల్లోని ఇతర పిల్లలకూ సమానంగా వర్తిస్తుంది. యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు ఈ రెండో సంగతి కూడా చెప్పండి, అప్పుడు ఇది ఒక మతానికి వ్యతిరేకమైన మాటగా ఎవరికీ అనిపించదు.

1986లో కేరళ బడి పిల్లల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉపాధ్యాయులంతా చదవదగినది. జాతీయ గీతం పాడేటప్పుడు మర్యాదగా నిలబడి, తమ మతవిశ్వాసం కారణంగా పాడకుండా ఉన్న ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసివేస్తే, వాళ్లను తిరిగి చేర్చుకోవాలని న్యాయస్థానం ఆదేశించింది. ఆ తీర్పు రాసింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు. మన సంప్రదాయం, మన తత్వం, మన రాజ్యాంగం మూడూ సహనాన్నే చెబుతున్నాయన్న అర్థంతో ఆయన ఆ తీర్పును ముగించారు.

పూజ జరగనివ్వండి, ఇష్టమున్నవారు కూర్చుంటారు. కూర్చోని పిల్లలను ఎండలో నిలబెట్టకుండా, హాజరు తీసివేయకుండా, గ్రంథాలయంలో చదువుకోనివ్వండి. “ఎందుకు రాలేదు” అని తరగతిలో అందరి ముందూ ఏ ఒక్కరినీ అడగవద్దు. ఈ ఊళ్లో ఇంద్రకీలాద్రికి వెళ్లే కుటుంబాలే ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకూ వెళ్లడం మనం చూస్తూనే ఉన్నాం. అక్కడికి ఎవరూ బలవంతం మీద వెళ్లడం లేదు.

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లెటూరు. మా వాడిని ఇంటర్మీడియట్‌కు విజయవాడ దగ్గర హాస్టల్ ఉన్న కళాశాలలో చేర్పించాం. “యాడికి పోతుండావు”, “ఏంటికి” అని మాట్లాడితే గదిలోని పిల్లలు అనుకరించి నవ్వుతున్నారంట. అధ్యాపకుడు ఒకాయన కూడా “మంచి తెలుగు నేర్చుకో” అన్నారంట. ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడడంలేదు, ఇంటికి వచ్చేస్తానంటున్నాడు. ఏం చేయాలి సార్?
– ఒక తండ్రి, ఆదోని మండలం

సమాధానం: ఈ ఉత్తరం చదివి బాధ కలిగింది. ఒడియా బిడ్డను గౌరవించడం గురించి ఇంత రాశాం, సాటి తెలుగు బిడ్డ నోటిమాటకు నవ్వే అలవాటు మన కృష్ణా, గుంటూరు ప్రాంతాల తరగతి గదుల్లో ఎంత పాతుకుపోయిందో మీ ఉత్తరం చెబుతోంది. శ్రీకాకుళం పిల్లలకూ, తెలంగాణ పిల్లలకూ ఇక్కడ ఇదే అనుభవం.

మీ వాడు మాట్లాడేది మంచి తెలుగే. ఆ అధ్యాపకుడు “వచ్చాడు” అంటే మీరు “వచ్చినాడు” అంటారు. రెండింటిలో పాత పూర్తి రూపం మీది, ఆయనది దాని నుంచి కుదించుకుని వచ్చినది. పత్రికల్లో, పుస్తకాల్లో కోస్తా రూపాలు స్థిరపడ్డాయి కాబట్టి పరీక్ష పేపరులో వాటిని రాయాల్సి వస్తుంది, అది వేరే సంగతి. రాతకు ఒక పద్ధతి నేర్పడం అధ్యాపకుడి పని, నోటి మాటను కించపరచడం ఆయన పని కాదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో సవరల దగ్గర కూర్చుని సవర భాష నేర్చుకున్నారు, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పడానికి వాచకాలు తయారుచేశారు. జనం మాట్లాడే తెలుగు బడిలోకి రావాలని ఆ తర్వాత ఆయన పోరాడారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునే కళాశాలలో ఒక కుర్రవాడు తన మాటకు సిగ్గుపడి నోరు మూసుకోవలసి రావడం మనందరికీ తలవంపు.

మీరు వెంటనే ఒకసారి స్వయంగా వెళ్లి ప్రిన్సిపాల్‌ను, హాస్టల్ వార్డెన్‌ను కలవండి. ఫోన్లో చెబితే సర్దుకుంటుందిలే అనేస్తారు. గది మార్చమని మీ వాడిని అడిగి, వాడు కావాలంటేనే మార్పించండి, ఎందుకంటే వెళ్లిపోవలసింది తానే అన్న భావన వాడికి కలగకూడదు. ఆ అధ్యాపకుడితో కోపంగా కాకుండా విడిగా మాట్లాడండి. తన మాట ఆ కుర్రవాడికి ఎంత లోతుగా తగిలిందో చాలామంది అధ్యాపకులకు నిజంగానే తెలియదు, తెలిస్తే దిద్దుకుంటారు. వాడితో రోజూ ఒకసారి ఫోన్లో మాట్లాడే ఏర్పాటు చేసుకోండి, మీ ఊరి మాటలోనే మాట్లాడండి. తిండి, నిద్ర తగ్గినట్టు గాని, బతకాలని లేదన్నట్టు గాని ఏమాత్రం అనిపించినా ఆలస్యం చేయకుండా ఇంటికి తీసుకువచ్చి డాక్టరుకు చూపించండి. అలాంటప్పుడు ఫీజు పోతుందనో, ఏడాది వృథా అవుతుందనో ఆలోచించవద్దు.